కుడి భుజం

ఆఫీసులో అందరూ ఆమెను గీతలక్క అనేవారు. ఇరవై ఏళ్ల వయసులో ఆ షేర్ల ఆఫీసులో చేరినప్పుడు ఆమెకు అప్పగించిన పని ఒక్కటే. సాయంత్రం మార్కెట్ మూసేశాక నలభై కంపెనీల ముగింపు ధరలను గ్రాఫు కాగితం మీద పెన్సిలుతో గుర్తించి, నిన్నటి చుక్కకు ఇవాళ్టి చుక్కను కలపడం. అప్పటి యజమాని పెద్దాయన. పెన్సిలు గీత కాస్త లావైనా ఊరుకునేవాడు కాదు. అయితే ఒకరోజు ఆమె ఒక కాగితం చూపించి, ఈ కంపెనీ అలసిపోయినట్టుంది సార్ అన్నప్పుడు, చదువుతున్న పేపరు పక్కన పెట్టి కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. ఆ రోజు నుంచి పదేళ్లపాటు తనకు తెలిసిందంతా ఆమెకు చెప్పాడు. ఆమె కనిపెట్టింది ఆమె ఆయనకు చెప్పింది. బయటివాళ్లు ఆమెను పెద్దాయన కుడి భుజం అనేవారు.

ఇప్పుడు ఆమెకు నలభై నాలుగేళ్లు. చార్టులు కంప్యూటర్లో వాటంతటవే పడుతున్నాయి. పెద్దాయన పోయి ఆరేళ్లయింది. ఆయన కొడుకు, అందరూ చిన్నసారు అనే మనిషి, టైర్ల దుకాణం పైన ఉన్న ఆ రెండో అంతస్తు ఆఫీసుకు అద్దాల తలుపు పెట్టించి, మెత్తటి కుర్చీలు వేయించాడు. ఏ షేరు కొనాలో, ఏది వద్దో చెబుతూ ఆరువందల మంది క్లయింట్లకు గురువారం వెళ్లే వారపు నోట్ మాత్రం ఇంకా గీతలక్కే రాసేది. చివర ఆమె పేరుండేది. చాలామంది ముందు ఆ చివరి లైను చూసుకుని, తర్వాతే పైనుంచి చదవడం మొదలుపెట్టేవారు.

ఆ ఏడు ఎక్కడ విన్నా పంపుల కంపెనీ మాటే. నీళ్ల పంపులు తయారుచేసే ఆ కంపెనీ షేరు మూడేళ్లలో తొంభై నుంచి నాలుగువందల పన్నెండుకు ఎక్కింది. గీతలక్క అత్తగారి దగ్గర కూడా ఎనిమిదివందల షేర్లున్నాయి. ఆవిడ ముప్పై మూడేళ్లు టెలిఫోన్ ఎక్స్చేంజిలో పనిచేసి రిటైరైన మనిషి. ఇంట్లో చార్టులు చదివే కోడలుండగా ఆమెనడక్కుండా, చిన్నసారు మాట విని కొంది. షేరు పెరిగిన రోజున టీలో పంచదార తక్కువైనా ఏమీ అనేది కాదు.

ఒక బుధవారం మధ్యాహ్నం గీతలక్క పంపుల కంపెనీ వారపు చార్టు ప్రింటు తీసి బల్ల మీద పరిచింది. ధర మొదట మూడువందల తొంభై రెండుకు ఎక్కి, మూడువందల నలభై దాకా జారింది. అక్కణ్ణుంచి నాలుగువందల పన్నెండుకు ఎక్కి, మళ్లీ అదే నలభై దగ్గరికి దిగింది. ఇప్పుడు మూడోసారి ఎక్కబోయి మూడువందల డెబ్బై తొమ్మిది దగ్గర వెనక్కి తిరిగింది. మధ్యలో ఎత్తుగా తల, దానికి ఎడమవైపు ఒక భుజం, కుడివైపు సగం తయారైన ఇంకో భుజం. రెండుసార్లు ధర పడి ఆగిన ఆ మూడువందల నలభైని కలిపి గీస్తే వచ్చేది మెడగీత. అది తెగితే, పైకి సాగిన ప్రయాణం ముగిసి దారి కిందికి తిరిగినట్టు.

ఆకారం ఒక్కటే చూసి ఆమె ఏదీ నమ్మేది కాదు. ఆకారాలు మబ్బుల్లోనూ కనిపిస్తాయి. అందుకని ధర ఎంత ఊపులో ఉందో కొలిచే ఆర్‌ఎస్‌ఐ చూసింది. ఎడమ భుజం దగ్గర అది డెబ్బై ఎనిమిది. ధర ఇంకా పైకి పోయిన తల దగ్గర అరవై ఆరే. ఇప్పుడు యాభై ఏడు. ధర మెట్లెక్కుతోంది గానీ ఊపిరి అందడం లేదు. ఇక చేతులు మారిన షేర్ల సంఖ్య చూసింది. ధర పెరిగిన వారాల్లో అది సన్నగిల్లుతూ వచ్చింది, పడిన వారాల్లో రెట్టింపయింది. అంటే ఎవరో పెద్దవాళ్లు చడీచప్పుడు లేకుండా అమ్ముకుని దిగిపోతున్నారు. ఎక్కేది మాత్రం మంగలి, దంతాల డాక్టరు, తన అత్తగారు.

నోట్‌లో మూడు వాక్యాలు రాసింది. పంపుల కంపెనీలో దిశ మారే లక్షణాలు కనిపిస్తున్నాయి. కొత్తగా కొనవద్దు. వారపు ముగింపు మూడువందల నలభై కిందికి వస్తే బయటికి వచ్చేయండి.

సాయంత్రం చిన్నసారు ఆమెను గదిలోకి పిలిచాడు. ఆ మూడు వాక్యాలూ కొట్టేసి, ధర తగ్గింది గనక కొనడానికి ఇదే అదను అని పైన రాసి ఉంచాడు. ఎందుకో కూడా దాచలేదు. పంపుల కంపెనీ ఇంకో రెండు నెలల్లో కొత్త షేర్లు అమ్మబోతోందట. అమ్మిపెట్టే పని తమ ఆఫీసుకు వస్తోందట. అది వస్తే ఈ మేడంతా తమదేనట. తండ్రి ఉన్న రోజుల్లో స్కూలు నుంచి వచ్చి ఆమె బల్ల పక్కన కూచుని పాడైపోయిన గ్రాఫు కాగితాల మీద రైళ్లు గీసుకున్నవాడు అతను. ఇప్పటికీ ఆమెను అక్కా అనే పిలుస్తాడు. ఈ ఒక్కసారికి సర్దుకోమని బతిమాలాడు.

"నోట్ మీది," అంది గీతలక్క. "మీ ఇష్టమొచ్చింది రాసుకోండి. కింద నా పేరు మాత్రం తీసేయండి."

"మీ పేరు లేకపోతే ఎవరు చదువుతారక్కా?"

"అందుకే తీసేయమంటున్నా."

అతను సరేనన్నట్టే తలూపాడు. ఆమె నమ్మి ఇంటికి వెళ్లింది.

శుక్రవారం పొద్దున పాత క్లయింటు ఒకావిడ, రిటైరైన నర్సు, నోట్ చేతిలో పట్టుకుని ఆఫీసుకు వచ్చింది. బ్యాంకులో ఉన్న డిపాజిట్ తీసేసి ఈ షేర్లు కొంటానని, ఇన్నాళ్లూ జంకానని, గీతలక్కే చెప్పిందంటే ఇంక భయమేముందని కౌంటరు దగ్గర చెబుతోంది. గీతలక్క ఆ కాగితం తీసుకుని చూసింది. పైన అదను అన్న మాట, కింద తన పేరు. నర్సును సోమవారం దాకా ఆగమంది. కారణం రేపు అందరి ముందూ చెబుతానంది. చెవుల్లోంచి ఆవిర్లు వస్తున్నట్టుగా ఉంది ఆమెకు, అయినా గొంతు పెంచలేదు.

శనివారం పదింటికి క్లయింట్ల సమావేశం. లైబ్రరీ పక్కన హాలు, నూట యాభై కుర్చీలు, ముందు ఒక తెర, పక్కన తెల్లబోర్డు. చిన్నసారు స్లయిడ్లు తయారుచేయించాడు. వాటిలో పంపుల కర్మాగారం ఫొటోలు, పైకి దూసుకుపోయే బాణాలు. గీతలక్కకు పది నిమిషాలిచ్చి, ఏం మాట్లాడాలో ఒక కాగితం మీద టైపు చేయించి ఇచ్చాడు. ఆమె మైకు ముందుకొచ్చింది. స్టాండుకు ఒక కాలు పొట్టి, ముట్టుకుంటే ఊగుతోంది. ఆమె చేతిలోని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఆ కాలు కిందికి తోసింది. స్టాండు ఊగడం మానేసింది.

"మొన్న మీకొచ్చిన నోట్ కింద నా పేరుంది," అంది. "ఆ నోట్ నేను రాయలేదు. నేను రాసిందేంటో ఇప్పుడు గీసి చూపిస్తాను."

ఆమె బోర్డు వైపు తిరిగి, నలభై వారాల ముగింపులు కాగితం చూడకుండా గుర్తులు పెట్టుకుంటూ వెళ్లింది. మార్కరు కీచుమంటోంది. ఎడమ భుజం, తల, కుడి భుజంలో సగం. దాని కింద ఊపు తగ్గడం, దాని కింద చేతులు మారిన షేర్లు. చిన్నసారు లేచి ఆమె పక్కకు వచ్చి, అక్కా టైమైపోయింది అని నెమ్మదిగా అన్నాడు. ఆమె వెనక్కి తిరగలేదు. ఇంకా ఆరు నిమిషాలున్నాయని, పది నిమిషాలిచ్చింది అతనేనని చెప్పి, మెడగీత గీసింది.

ముందు వరసలోంచి పంపుల డీలరు లేచాడు. ఆ కంపెనీ పంపులే అమ్మి రెండు దుకాణాలు పెట్టిన మనిషి, షేర్లు కూడా అందరికంటే ఎక్కువ ఉన్నవాడు. తన దుకాణంలో సరుకు దించిన వారానికే ఖాళీ అయిపోతోందని, పంపు ఎలా తిరుగుతుందో తెలియని మనిషి గీతలు గీసి భయపెడితే ఊరుకోవడానికి తామేం పిల్లలం కాదని అన్నాడు.

"పంపుల సంగతి నాకు తెలియదండీ," అంది గీతలక్క. "మంచివే అయ్యుండొచ్చు. నేను చూసేది పంపును కాదు. ఈ షేరు కొన్న మనుషులు ఇప్పుడేం చేస్తున్నారో, అది. వాళ్లు నోటితో ఏం చెప్పినా, చేసింది మాత్రం ఇక్కడ పడుతుంది."

డీలరు ఆమెను వదిలి హాలు వైపు తిరిగాడు. మూడో వరసలో కూచున్న పెద్దావిడను చూపించాడు. ఈవిడ అత్తగారు ఆవిడేనని, ఎనిమిదివందల షేర్లున్నాయని, ఒక్కటంటే ఒక్కటి అమ్మలేదని, ఇంట్లోనే చెల్లని మాట మనకెందుకని అడిగాడు. హాలంతా గొల్లుమంది. గీతలక్క చెవులు కాలిపోయాయి. అతనన్నది నిజమే.

అత్తగారు చేతిసంచి కుర్చీలో పెట్టి లేచి నిలబడింది.

"నా కోడలి మాట నేను వింటానో వినననో, అది మా ఇంటి గొడవ," అంది. "మేం రోజూ దెబ్బలాడుకుంటాం, నీకెందుకు? అక్కడ బోర్డు మీద గీసిందాంట్లో తప్పుంటే లేచి చూపించు. లేకపోతే కూచో."

డీలరు కూచోలేదు గానీ, చూపించడానికీ ఏమీ లేకపోయింది. అప్పుడు వెనకనుంచి నర్సు చెయ్యెత్తింది. ఆవిడ అడిగింది ఒక్కటే, ఏం జరిగితే గీతలక్క తనది తప్పని ఒప్పుకుంటుందో.

ఆ రోజు ఆమెను అడగాల్సిన ప్రశ్న అదొక్కటే. ఎడమ భుజం ఎత్తు దగ్గర బోర్డు మీద ఇంకో గీత గీసింది. "మూడువందల తొంభై రెండు. వారపు ముగింపు దీన్ని దాటిన రోజున నేను తప్పు. నా అంతట నేనే మీకు చెబుతాను. కింద మూడువందల నలభై తెగితే మాత్రం నన్నెవరూ ఏమీ అడగొద్దు, షేరు వదిలించుకోండి."

మెట్ల మీద చిన్నసారు ఆమెను ఆపాడు. మొహం పాలిపోయి ఉంది. సోమవారం నుంచి రావద్దన్నాడు. ఆమె సంచిలోంచి సొరుగు తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టింది. ఇరవై నాలుగేళ్లు ఆ ఆఫీసులో చేసినదంతా ఒక చిన్న తాళంచెవిగా అతని అరచేతిలో పడింది. ఏడుపు వస్తుందేమోనని అనుకుంది, రాలేదు. ఆకలి మాత్రం బాగా వేసింది.

ఆమె భర్త సిటీ బస్సుల డిపోలో మెకానిక్కు, మాటలు తక్కువ. సంగతంతా విన్నాక, సోమవారం అలారం ఎన్నింటికి పెట్టాలని అడిగాడు. రోజూ లాగే ఆరింటికి పెట్టమంది. మార్కెట్ తనను తీసెయ్యలేదు కదా అంది. అతను పెట్టేశాడు.

అత్తగారు మాత్రం భోజనాలయ్యాక ఆ కిందిగీత ఎంతన్నావని మళ్లీ అడిగింది. కోడలు చెప్పిన అంకెను గోడ క్యాలెండరు అంచున రాసుకుంది.

"అమ్ముతాననుకునేవు," అంది. "తెలిసుండాలి గదా అని రాసుకున్నా, అంతే."

ఆ తర్వాత మూడు వారాలు గీతలక్కకు నరకం. పంపుల షేరు పడలేదు. మూడువందల అరవై రెండు నుంచి డెబ్బై నాలుగు, అక్కణ్ణుంచి ఎనభై రెండు. పంపుల డీలరు వాళ్ల వీధిలోంచి పోయినప్పుడల్లా కారు హారను రెండుసార్లు కొట్టేవాడు. ఆఫీసులో ఆమెకు పేరు మార్చేశారు. తల గీసింది గనక తలరాతక్క అట. మందుల షాపులో ఒకాయన ఆమెను ఆపి, మీ మాట విని అమ్మి నష్టపోయానని గట్టిగా దులిపేశాడు. ఆమె తలొంచుకోలేదు. తొంభై రెండు దాటలేదు కదండీ అని మాత్రం అంది. రాత్రి పడుకోబోయే ముందు మాత్రం చార్టు మళ్లీ మళ్లీ చూసుకునేది, ఎక్కడైనా తన పట్టుదలే కళ్లకు అడ్డం పడుతోందా అని. కుడి భుజం అనుకున్నదానికంటే ఎత్తు పెరిగింది. ఊపు కొలిచే సూచిక మాత్రం లేవలేదు. చేతులు మారిన షేర్లు ఇంకా తగ్గాయి.

నాలుగో శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి ధర మూడువందల తొంభై ఒకటి. అత్తగారి ఫోను బల్ల మీద ఇద్దరి మధ్యా ఉంది. అత్తగారు కళ్లజోడు తుడుచుకుని పెట్టుకుంది, మళ్లీ తీసి తుడిచింది. షేర్లు పెరుగుతున్నందుకు ఆవిడ సంతోషించాలి, కానీ ఎందుకో మొహంలో ఆ కళ లేదు. గీతలక్క కాగితం తీసి రెండు వాక్యాలు రాసింది. పంపుల కంపెనీ గురించి నేను చెప్పింది తప్పు. నా మాట నమ్మి అమ్మినవారికి క్షమాపణ. నర్సుకూ, మందుల షాపాయనకూ, నంబరు తెలిసిన ప్రతివాళ్లకూ పంపాలని పేర్ల జాబితా కూడా రాసుకుంది.

మూడున్నరకు మార్కెట్ మూసేశారు. ముగింపు మూడువందల ఎనభై ఎనిమిది.

అదే నిమిషంలో గీతలక్క ఫోనుకు చిన్నసారు మెసేజి వచ్చింది. ఆమె తన అంచనా తప్పని క్లయింట్లకు ఒక్క లైను రాసిస్తే చాలు, సోమవారం వచ్చి తన కుర్చీలో కూచోవచ్చట. గీతలక్క జవాబు కొట్టింది. "ముగింపు ఎనభై ఎనిమిది. నేను చెప్పింది తొంభై రెండు." ఫోను అత్తగారి చేతికిచ్చి, టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లింది.

మరుసటి వారం ధర డెబ్బై ఒకటి. ఆ పైవారం యాభై రెండు. దాని తర్వాతి బుధవారం, ఏ వార్తా లేకుండానే, మామూలుకు మూడింతల షేర్లు చేతులు మారి మూడువందల ముప్పై ఎనిమిదికి దిగింది. గురువారం ముప్పై నాలుగు. శుక్రవారం ముగింపు ముప్పై ఒకటి. మెడగీత తెగింది. సోమవారం పొద్దున మార్కెట్ తెరిచిన వెంటనే అత్తగారు కోడలి దగ్గర మాటమాత్రం అనకుండా ఎనిమిదివందల షేర్లూ అమ్మేసింది. క్యాలెండరు మీది అంకెను పెన్నుతో అడ్డంగా కొట్టేసి, ఆ పెన్నునే తీసుకుని సుడోకు నింపుకుంటూ కూచుంది.

వార్త పది రోజుల తర్వాత వచ్చింది. పంపుల కంపెనీకి వచ్చిన పెద్ద ఆర్డరు రద్దయిందట, నాలుగు నెలల కిందటే. తెలిసినవాళ్లు అప్పటి నుంచే దిగిపోతూ వచ్చారు. షేరు రెండువందల డెబ్బైకి, అక్కణ్ణుంచి రెండువందల పద్నాలుగుకు జారింది. కొత్త షేర్ల అమ్మకం వాయిదా పడింది. ఆ హాల్లో కూచున్న నూట యాభై మందిలో నలభై మంది దాకా బయటపడ్డారు. నర్సు అసలు కొననే లేదు. పంపుల డీలరు రెండో దుకాణం మూసేశాడు.

అతనొకరోజు ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలబడి, అంత తెలిసినప్పుడు ఇంకాస్త గట్టిగా చెప్పాల్సిందని నిష్ఠూరమాడాడు. గీతలక్కకు అతని మీద జాలి వేసింది, కోపమూ వచ్చింది.

"మైకులో చెప్పానండీ," అంది. "దానికంటే గట్టిగా చెప్పే మిషను నా దగ్గర లేదు." కుర్చీ వేసి కూచోమంది. అతను కూచోలేదు.

చిన్నసారు కూడా వచ్చాడు. జీతం రెట్టింపు, పరిశోధన విభాగం మొత్తం ఆమె చేతుల్లో, గది తలుపు మీద పేరు. ఆమె అంతా విని ఒక్కటే అడిగింది. ఆ గురువారం నోట్ ఆమె రాసింది కాదని, ఆమె వద్దన్నా ఆమె పేరు వేశామని ఆరువందల మందికీ రెండు లైన్లు రాసి పంపగలడా అని. అలా రాస్తే ఆఫీసుకు తాళమే గతి అన్నాడు అతను. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమెకు ఆ క్షణంలో స్కూలు యూనిఫాంలో రైళ్లు గీసుకునే పిల్లవాడు గుర్తొచ్చాడు. అయినా మెత్తబడలేదు.

"అయితే నేను రాను బాబూ," అంది. "నేను వచ్చి కూచుంటే, ఆ అబద్ధం నేనూ ఒప్పుకున్నట్టే."

ఆ నెలాఖరులో కళ్లజోళ్ల షాపు పైన ఒక గది అద్దెకు తీసుకుంది. ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక కంప్యూటరు, ఎండ నేరుగా పడే కిటికీ. భర్త డిపో నుంచి పాత బస్సు సీటొకటి పట్టుకొచ్చి, వచ్చినవాళ్లు కూచోవడానికి గోడకు బిగించాడు. మొదటి నోట్ ముప్పై ఒక్కమందికి వెళ్లింది.

రెండో నెలలో ఆమె తప్పు చేసింది. ఒక చక్కెర మిల్లు షేరు రెండుసార్లు ఒకే చోట పడి ఆగి లేచింది. ఊపు పెరుగుతోంది, చేతులు మారే షేర్లు పెరుగుతున్నాయి. దిశ పైకి తిరుగుతోందని రాసింది, ఎక్కడ తెగితే తన అంచనా పోయినట్టో ఆ హద్దూ రాసింది. రెండు వారాల్లో ఆ హద్దు తెగి షేరు ఇంకా కిందికి పోయింది. ఎక్కడ పొరబడ్డానా అని ఒక రోజంతా వెతికింది. పొరపాటు దొరకలేదు. లక్షణాలన్నీ ఉన్నాయి, షేరు మాత్రం వినలేదు. అలాంటివి ఉంటాయని ఆమెకు ఇరవై ఏళ్లుగా తెలుసు. తెలిసినా చురుక్కుమంది.

గురువారం నోట్ మొదటి లైనులోనే, చక్కెర మిల్లు గురించి నేను చెప్పింది తప్పు అని రాసింది. అత్తగారు బస్సు సీటులో కూచుని చదివి, ఇలా నెత్తిన పెట్టి ఊరేగించాలా, చివర చిన్న అక్షరాల్లో వేస్తే సరిపోదా అని విసుక్కుంది.

"మొన్న పంపుల షేరు ఎనభై ఎనిమిది దగ్గర ఆగకపోతే నేనిదే రాసేదాన్ని అత్తయ్యా. అప్పుడు మొదటి లైనులో, ఇప్పుడు చివరి లైనులోనా?"

సాయంత్రానికి చిన్నసారు ఆఫీసు నుంచి ఎవరో ఆ నోట్‌ను నవ్వే బొమ్మలతో ఊరంతా తిప్పారు. తొమ్మిది మంది మానేశారు. ఇంకో నెలకు పదహారుమంది కొత్తగా చేరారు. వాళ్లలో ఒకాయన పాత ఆఫీసు గుమాస్తా. తన పేరు బయట పెట్టవద్దని బతిమాలుకున్నాడు. ఆమె సరేనంది.

ఆ వారం నోట్‌లో ఒక బట్టల మిల్లు షేరు గురించి రాస్తోంది. నాలుగు నెలలుగా ధర పడుతూనే ఉంది గానీ, పడే ఊపు తగ్గిపోతూ వస్తోంది. అత్తగారు వంగి తెరలోకి చూసి, ఇదైనా నిలబడుతుందా అని అడిగింది. తెలియదంది గీతలక్క. నిలబడకపోతే ఎక్కడ దిగిపోవాలో మాత్రం రాస్తానని, కీబోర్డు దగ్గరికి లాక్కుంది.